అంగుళానికి ఆరడుగులు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వయసులో నేను చెక్కతో విమానాలు చేస్తున్నానని తెలిసి, నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. మనవడి కోసమా అని అందరూ అడుగుతారు. మనవడిని వాటి దరిదాపులకు రానివ్వను. అవి ఆటబొమ్మలు కావు, కొలత ప్రకారం తీసిన నకళ్లు. గుమాస్తాకు నకలు తీయడం కొత్త పని కాదు గదా!

ఎక్కువమంది పాటించే కొలత 1:72. అసలులో ఆరడుగులు నమూనాలో ఒక అంగుళం. రెండో ప్రపంచ యుద్ధంలో ఆకాశంలో వచ్చేది మనదా, శత్రువుదా అని గుర్తుపట్టడం నేర్పడానికి ఈ కొలతతోనే నమూనాలు చేయించారు. అమెరికా నౌకాదళం 1942లో బడిపిల్లలను అయిదు లక్షల నమూనాలు చేసిపెట్టమని కోరింది.

ప్రస్తుతం నా బల్లమీద ఉన్నది ఏఎన్-32. 2024 మార్చి 18న అద్దంకి దగ్గర జాతీయ రహదారిమీద దిగిన రవాణా విమానం అదే. 2022 డిసెంబరు 29న అక్కడ తొలి ప్రయోగం జరిగింది గాని, రవాణా విమానాలు నేల తాకింది మాత్రం రెండోసారే. చూద్దామని నేనూ వెళ్లాను. బందోబస్తువారు దూరంగానే ఆపేశారు. మిర్చి కల్లాల మీదుగా తోక ఒక్కటే కనిపించింది.

ఆ రన్‌వే పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 29.2 మీటర్లు. అంటే అటూ ఇటూ రెండేసి మీటర్లు కూడా మిగలవు. నా నమూనా రెక్కలు నలభైన్నర సెంటీమీటర్లు. అదే కొలతతో రోడ్డు కూడా చేయాలంటే 57 మీటర్ల పొడవు కావాలి. ఇంటావిడ అనుమతి ఇంకా రాలేదు.

చెక్క మన కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి. తేలిక, చాకుకు ఇట్టే లొంగుతుంది. పంకా రెక్కలకు వెదురుబద్ద. ఈ విమానానికి ఇంజన్లు రెక్కపైన ఎత్తుగా కూర్చుంటాయి. పెద్ద పంకాలు నేలకు తగలకుండా, గరుకు నేలమీది రాళ్లూ దుమ్మూ లోపలికి పోకుండా ఆ ఏర్పాటు. ఒక్క ఫొటో చూసి చెక్కితే ఆ ఎత్తు తప్పుతుంది. పైనుంచి, పక్కనుంచి, ఎదురుగా మూడు నక్షాలు ఉండాలి. చెక్కడానికి నెల పడితే కాగితాలు వెతకడానికి మూడు నెలలు పట్టింది.

విశాఖ బీచ్‌రోడ్డులో 2017లో ప్రారంభమైన టీయూ-142 మ్యూజియం మీలో కొందరు చూసే ఉంటారు. ఒక్కో ఇంజనుకు రెండేసి పంకాలు, ఒకదానికొకటి ఎదురు దిశలో తిరిగేవి. చూసి తీరవలసిందే. కాని 50 మీటర్ల రెక్కలను కింద నిలబడి టేపుతో కొలవలేం. అందుకే పెద్ద మ్యూజియంలు విమానాలతోపాటు గ్రంథాలయం కూడా నడుపుతాయి. నక్షాలు, మరమ్మతు పుస్తకాలు, ఫొటోలు అక్కడ భద్రంగా ఉంటాయి. అమెరికాలోని శాన్‌డియాగో మ్యూజియం 1978 ఫిబ్రవరి 22న దగ్ధమైంది. విమానాలతోపాటు గ్రంథాలయమూ పోయింది. ప్రజల విరాళాలతో 1980లో మరో భవనంలో తెరిచారు. నేడు వారి ఫొటోలను మా అమ్మాయి సెల్‌ఫోనులో పైసా ఖర్చు లేకుండా చూపిస్తోంది.

ఇక మన సంగతి. యుద్ధకాలంలో బ్రిటిషువారు దొనకొండలో విమానాశ్రయం వేశారు. ఆ రోజుల్లో సర్వేలో, రైల్వేలో పనిచేసినవారి పిల్లలు ఈ సభలోనే ఉండవచ్చు. నా మిత్రుడొకరి తండ్రిగారు అక్కడ పనిచేశారు. రన్‌వే నక్షా ట్రంకుపెట్టె అడుగున ఉందని ఆయన నాతో రెండుమూడుసార్లు అన్నారు. నిరుడు ఆయన కాలం చేశారు. పెద్దకర్మనాడు నేను అడిగేటప్పటికే కాగితాలన్నీ పాత పేపర్లవాడికి తూకానికి వెళ్లిపోయాయి. పిల్లలను ఏమనగలం? వారికి ఎవరూ చెప్పలేదు.

అవి ఎల్.డిస్ చేసి ఏడాదికి చింపే కాగితాలు కావు, ఆర్.డిస్ కాగితాలు. మీ ఇంట్లో విమానాశ్రయం ఫొటోగాని, నక్షాగాని, ఉత్తరంగాని ఉంటే వెనుక పేరు, ఊరు, సంవత్సరం మెత్తటి పెన్సిలుతో రాయండి. గుండుసూది గుచ్చవద్దు, తుప్పు పడుతుంది. ఇవ్వడం ఇష్టం లేకపోతే నకలు తీసుకుని మీది మీకు తిరిగి ఇస్తాము. అధ్యక్షులవారు సంఘం బీరువాలో రెండో అర ఖాళీ చేయించారు. తాళంచెవి కార్యదర్శిగారి వద్ద ఉంటుంది.