గెలుపుకు భయపడొద్దన్న మాష్టారు
(ఉపాధ్యాయులు, హాస్టల్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం ఒక ఆటల మాష్టారును తలుచుకుందాం. ఆయన మన ఊరివాడు కాదు, మన దేశంవాడూ కాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, ఇండియానాపోలిస్ నగరంలో, నల్లపిల్లల హైస్కూల్లో బాస్కెట్‌బాల్ నేర్పిన రే క్రో. 1915లో పుట్టాడు. 2003 డిసెంబరులో కన్నుమూశాడు.

అమెరికా మాష్టారితో మనకేం పని అని ఎవరైనా అడగొచ్చు. మహాత్మా ఫూలే 1873లో ‘గులాంగిరి’ రాసి ఎవరికి అంకితమిచ్చాడు? బానిసత్వాన్ని రద్దుచేసిన అమెరికా జనానికి. బాబాసాహెబ్ 1946లో నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్‌కు ఆ పేరు బ్లాక్ పాంథర్స్ నుంచే వచ్చింది. ఈ చుట్టరికం ఇవాళ కొత్తగా కలుపుకుంటున్నది కాదు.

ముందు ఆ బడి సంగతి చెప్పాలి. 1920లలో కు క్లక్స్ క్లాన్ అనే తెల్లవాళ్ళ ముసుగు ముఠా ఆ రాష్ట్రంలో పెత్తనం చేస్తోంది. తెల్లపిల్లల పక్కన నల్లపిల్లలు కూర్చోకూడదని 1927లో నల్లపిల్లలకు వేరే హైస్కూలు తెరిచారు. దానికి జెఫర్సన్ పేరు పెడతామన్నారు. ఆయన అమెరికా అధ్యక్షుడే కానీ బానిసల యజమాని కూడా. నల్లవాళ్ళు ఒప్పుకోలేదు. 1770లో బోస్టన్‌లో బ్రిటిష్ సైనికుల తూటాలకు నేలకొరిగిన క్రిస్పస్ అటక్స్ పేరు పెట్టించుకున్నారు. తెల్లవాళ్ళ కాలేజీల్లో నల్లవాళ్ళకు ఉద్యోగాలివ్వరు గనుక ఎమ్మేలు, పీహెచ్‌డీలు చేసినవాళ్ళు కూడా ఆ హైస్కూలుకు వచ్చి పాఠాలు చెప్పారు. వెలివేసిన చోటునే విద్యాలయంగా మార్చుకున్నారు.

ఆటల్లోనూ వెలి తప్పలేదు. 1942 దాకా రాష్ట్ర హైస్కూళ్ళ క్రీడాసంఘం ఆ బడిని చేర్చుకోలేదు. చెప్పిన సాకు వినండి: మీది అందరికీ తెరిచిన బడి కాదు, కాబట్టి మీకు ప్రవేశం లేదట! వేరుచేసిందీ వాళ్ళే, వేరుగా ఉన్నారు గనుక రావద్దన్నదీ వాళ్ళే. ఊరవతల ఇళ్ళు వేయించి, ఊళ్ళో మీకేం పని అని అడిగే తర్కం మనకు తెలియనిదా?

బళ్ళో జిమ్ చాలా చిన్నది. పోటీ ఆటలకు చాలదు. పిల్లలు ఎప్పుడూ పరాయి ఊళ్ళకు పోయి ఆడాల్సిందే. దారిలో తెల్లవాళ్ళ హోటళ్ళలో అన్నం పెట్టరు. కాబట్టి అప్పటి పెద్దలు పిల్లలకు ఒకటే నేర్పారు: దూకుడుగా ఆడొద్దు, రిఫరీ అన్యాయం చేసినా నోరెత్తొద్దు, తెల్లవాళ్ళకు కోపం రాకుండా మసులుకోండి.

దాన్ని పిరికితనమని మేము తేలిగ్గా కొట్టిపారేయలేం. మా చిన్నప్పుడు ఊరి పిల్లలతో కబడ్డీ ఆడబోతుంటే మా పెద్దోళ్ళు కూడా అదే చెప్పేవారు: ‘‘కాస్త ఒదిగి ఆడండ్రా.’’ మేము గెలిస్తే రేపు పొద్దున కూలికి పిలవరని వాళ్ళ భయం. ఓడిపోయి వచ్చిన రోజు మా అమ్మలు నిశ్చింతగా అన్నం పెట్టేవాళ్ళు. గెలిచి వచ్చిన రోజు తలుపు దగ్గరే నిలబడి వీధివైపు చూసేవాళ్ళు. ఆ చూపు మాకు ఇప్పటికీ గుర్తే.

రే క్రో జాన్సన్ కౌంటీలో పొలం పనుల మధ్య పెరిగినవాడు. 1945లో ఇండియానాపోలిస్‌లో మాష్టారుగా చేరాడు. 1948లో అటక్స్‌కు వచ్చాడు. 1950లో జట్టు బాధ్యత తీసుకున్నాడు. ఆయన వచ్చి ఒద్దికను తీసెయ్యలేదు, భయాన్ని తీసేశాడు. ఈ రెంటికీ తేడా మనం తెలుసుకోవాలి. ఆయన దగ్గర క్రమశిక్షణ గట్టిది. చదువు తప్పితే ఆట లేదు. పిల్లల ఇళ్ళకు పోయి వాళ్ళ తిండీ బట్టా చూసుకున్నాడు. రిఫరీలతో పోట్లాడనివ్వలేదు. మొదటి పది పాయింట్లు రిఫరీల కింద రాసేసుకోండి, మన ఆట ఆ తర్వాత మొదలవుతుంది అనేవాడని చెప్పుకుంటారు. అన్యాయం ఉందని తెలుసు. దాన్ని కూడా లెక్కలో వేసుకునే గెలవాలన్నాడు.

ఫలితమేమిటి? 1951లోనే జట్టు రాష్ట్రస్థాయిలో చివరి నాలుగు జట్లలోకి చేరింది. 1955లో ఫైనల్లో గ్యారీ రూజ్‌వెల్ట్ అనే మరో నల్లపిల్లల బడిని 97-74తో ఓడించి రాష్ట్ర విజేత అయ్యింది. అందరికీ తెరిచిన రాష్ట్ర పోటీలో గెలిచిన మొట్టమొదటి నల్లపిల్లల బడి అమెరికా మొత్తంలో అదే. ఆ పోటీ మొదలైంది 1911లో. అప్పట్నుంచి ఇండియానాపోలిస్‌లోని ఏ తెల్లవాళ్ళ బడికీ ఆ కప్పు దక్కలేదు. 1956లో ఆడిన 31 ఆటల్లో 31 గెలిచి మళ్ళీ కప్పు తెచ్చారు. ఏడేళ్ళలో క్రో జట్లు 179 ఆటలు గెలిచాయి, 20 ఓడాయి.

ఇప్పుడు అసలు సంగతి. కప్పు గెలిచిన జట్టును ఫైరింజను మీద ఎక్కించి, ఊరి నడిబొడ్డున మాన్యుమెంట్ సర్కిల్ దగ్గర సంబరం చేయడం అక్కడి ఆనవాయితీ. 1955లో అటక్స్ పిల్లలను ఏం చేశారు? సర్కిల్ చుట్టూ ఒక్కసారి తిప్పి, అక్కణ్ణుంచి నేరుగా నల్లవాడలోని పార్కుకు తోలారు. మీ పండగ మీ వాడలో చేసుకోండి అన్నారన్నమాట. ఊరికి కప్పు కావాలి, కప్పు తెచ్చిన పిల్లల కాళ్ళు మాత్రం ఊరి వీధిలో ఆగకూడదు. మనకిది కొత్తా? అంబేద్కర్ జయంతి ఊరేగింపు మీ పల్లెలోనే చేసుకోండి, ఊళ్ళోకెందుకు అని మనల్ని ఎన్నిసార్లు ఆపలేదు?

ఆ రాత్రి ఆ జట్టులో ఆస్కార్ రాబర్ట్‌సన్ అనే పదహారేళ్ళ కుర్రాడున్నాడు. గుడ్డపీలికలు చుట్టి బంతి చేసుకుని ఆట నేర్చుకున్న పేదింటి పిల్లాడు. ఆ అవమానం అతను మరిచిపోలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. ఆటగాళ్ళను కట్టుబానిసల్లా ఒకే యజమానికి కట్టేసే పద్ధతి మీద 1970లో ఆటగాళ్ళ సంఘం తరఫున బాస్కెట్‌బాల్ లీగునే కోర్టుకీడ్చాడు. 1976లో ఒప్పందం కుదిరి ఆటగాళ్ళకు జట్టు మారే హక్కు దారి తెరుచుకుంది. హైస్కూల్లో ఒక మాష్టారు తీసేసిన భయం ఎంత దూరం పోయిందో చూడండి.

మనకు ఆటగాళ్ళు లేక కాదు. పల్వంకర్ బాలూ చమార్ కులంలో పుట్టాడు. పూనాలో హిందువుల జట్టుకు ఆయన వేసే బంతి కావాలి. టీ మాత్రం ఆయనకు బయట, మట్టిముంతలో. 1911లో ఇంగ్లండు పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. అయినా కెప్టెన్ని చేయలేదు. 1923లో తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యేదాకా ఆ ఇంటికి ఆ గౌరవం రాలేదు. బాలూకు లేనిది ప్రతిభ కాదు, వెనక నిలబడ్డ క్రో లాంటి మాష్టారు, అటక్స్ లాంటి బడి.

క్రో తర్వాత ఇండియానా శాసనసభకు ఎన్నికయ్యాడు. 2015లో, అరవై ఏళ్ళకు, 1955 జట్టులో మిగిలినవాళ్ళను ఆ నగరం తన పెద్ద ఊరేగింపుకు ముందు నడిపించింది. అప్పటికి క్రో లేడు.

సాటి ఉపాధ్యాయ మిత్రులకు మా మాట ఒకటే. మన పిల్లలకు మనం రోజూ అణకువ నేర్పుతున్నాం. మంచి మార్కులొచ్చినా తల దించుకుని నడవమంటున్నాం. చాలు. సాయంత్రం ఇంకో గంట ఉందాం. బంతి కొందాం. హాస్టలుకు ఆటస్థలం ఏదని అధికారులను అడుగుదాం. చదువులో గట్టిగా పట్టుబడదాం, గెలిచే ధైర్యం ఇద్దాం.

పిల్లలూ, మీరు గెలిచి రండి. మీ అమ్మలు వీధివైపు భయంగా చూడాల్సిన పని లేకుండా మేమంతా ఆ వీధిలో నిలబడి ఉంటాం. ఊరేగింపు ఊరి నడివీధిలోంచే వస్తుంది.

జై భీమ్!