అనుమానం రాని మరణాలు



వృద్ధ స్త్రీల ఆరోగ్య హక్కుల గురించి మాట్లాడమన్నారు. నేను ఒక హంతకుడి సంగతితో మొదలుపెడుతున్నాను. కారణం చివరికి మీకే తెలుస్తుంది.

ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే పట్టణం ఉంది. అక్కడి కుటుంబ వైద్యుడు హెరాల్డ్ షిప్‌మన్ 15 మంది స్త్రీలను చంపాడని 2000 జనవరిలో కోర్టు తేల్చింది. న్యాయమూర్తి జానెట్ స్మిత్ విచారణ సంఘం 2002లో ఇచ్చిన నివేదిక ప్రకారం అతను చంపినవాళ్ళు 215 మంది. వాళ్ళలో 171 మంది స్త్రీలు. ఎక్కువమంది వయసు మళ్ళినవాళ్ళు, చాలామంది ఒంటరిగా బతుకుతున్నవాళ్ళు. చంపడానికి వాడింది ప్రధానంగా డైమార్ఫిన్, అంటే నొప్పి తగ్గించడానికి ఇచ్చే హెరాయిన్.

1975లోనే అతను తన వాడకం కోసం పెథిడిన్‌కు దొంగ చీటీలు రాసి పట్టుబడ్డాడు. 1976లో కోర్టు జరిమానా వేసింది. వైద్య మండలి హెచ్చరించి వదిలేసింది. మరుసటి ఏడాదే హైడ్‌లో ప్రాక్టీసు మొదలుపెట్టాడు. కేన్సర్ రోగుల పేరిట ఎక్కువ మందు రాసేవాడు. వాళ్ళు పోయాక మిగిలింది పట్టుకుపోయేవాడు. రిజిస్టరు పెట్టలేదు. లెక్క అడిగినవాళ్ళూ లేరు.

ఇన్నేళ్ళు ఎవరికీ అనుమానం రాలేదా? వచ్చింది. అంత్యక్రియలు జరిపించే ఒక స్త్రీకి వచ్చింది. ఎదుటి క్లినిక్‌లోని డాక్టర్ లిండా రెనాల్డ్స్ 1998 మార్చిలో మరణ విచారణాధికారికి చెప్పింది కూడా. పోలీసులు అతని పాత శిక్ష సంగతైనా చూడకుండా దర్యాప్తు ముగించారు. ఆ తర్వాత మరో ముగ్గురు స్త్రీలు చనిపోయారు. చివరి ఆమె, కాథ్లీన్ గ్రండీ వయసు 81. ఆమె ఆస్తి తనకు వచ్చేలా అతను దొంగ వీలునామా సృష్టించాడు. న్యాయవాది అయిన కూతురు దాన్ని నమ్మకపోవడం వల్లే అతను దొరికాడు.

ఆస్తి జోలికి వెళ్ళేదాకా అతన్ని ఎవరూ పట్టుకోలేదని గమనించండి. "పెద్దావిడ, పోయే వయసే" అన్న ఒక్క మాట చాలు, ఆ మరణం మీద ప్రశ్న ఉండదు. వైద్యుడే చంపి, వైద్యుడే ధ్రువపత్రం రాశాడు. ఇంగ్లండు, వేల్స్‌లలో ప్రతి మరణాన్నీ చికిత్స చేసిన వైద్యుడు కాక మరొకరు పరిశీలించాలన్న నిబంధన అమలులోకి రావడానికి 2024 దాకా పట్టింది.

దీన్నుంచి మార్ఫిన్ అంటేనే ప్రమాదమన్న పాఠం తీసుకుంటే మనకే నష్టం. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి భయపడి ఎన్నో ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014 సవరణ నిబంధనలను సులభం చేసింది. అయినా కేన్సర్‌తో విలవిలలాడే ఎందరో స్త్రీలకు అది ఇప్పటికీ అందడం లేదు. ఆడదానికి ఓర్పుండాలని చెప్పే సమాజంలో ఆమె నొప్పికి చీటీ రాసేదెవరు?

అక్కడ వృద్ధ స్త్రీ మరణాన్ని పట్టించుకోలేదు. ఇక్కడ ఆమె బాధను పట్టించుకోవడం లేదు. రెండింటి వెనకా ఉన్నది ఒకే చిన్నచూపు. నొప్పికి మందు మన హక్కు. ఏ సూది వేస్తున్నారు, ఎందుకు, ఎంత అని అడగడమూ మన హక్కే. "వైద్యో నారాయణో హరిః" అని చేతులు జోడించే అలవాటున్న మనం నోరు తెరిచి అడగడమూ నేర్చుకోవాలి. అడిగిన స్త్రీ మాట వినే యంత్రాంగం కోసం పోరాడాలి.