సిపాయి బిడ్డల బడి

బెంగళూరు హోసూరు రోడ్డులోని రాష్ట్రీయ మిలిటరీ స్కూలు 1946లో కింగ్ జార్జ్ పేరుతో మొదలైంది. తొలుత అది సిపాయిల కొడుకుల కోసమే పెట్టిన బడి. 1952లో అధికారుల, పౌరుల పిల్లలకూ తలుపులు తెరిచారు. ఆ బడి ధ్యేయవాక్యం శీలాన్ని నగలన్నిటికన్నా మిన్నగా చెబుతుంది.

తొలి ఏడాదే అక్కడ చేరినవాడు గుర్‌బచన్ సింగ్ సలారియా. ఛాతీ కొలత చాలలేదని మొదట వైద్యపరీక్షలో తిప్పి పంపేశారు. కుర్రాడు పట్టు వదల్లేదు. పాలు తాగి, కసరత్తు చేసి, మళ్లీ వచ్చి నెగ్గాడు. ఆ పట్టుదలే నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. 1961 డిసెంబరు 5న కాంగోలో, ఐక్యరాజ్యసమితి సేనలో కెప్టెన్‌గా, 16 మంది గూర్ఖాలతో ఎన్నో రెట్లున్న శత్రువు మీదికి దూకి అమరుడయ్యాడు. దేశం పరమవీర చక్ర ఇచ్చింది.

ఆ బడిలో ఇప్పుడు అమ్మాయిలనూ చేర్చుకుంటున్నారు. మీ ఇంట్లో ఐదో తరగతి, ఎనిమిదో తరగతి చదివే పిల్లలుంటే ప్రవేశ పరీక్ష రాయించండి.