ట్రాలీ టైరు ఊరికే పేలదు

(ఇబ్రహీంపట్నం మండల రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, తరుగు గురించి, కాలువ నీళ్ల గురించి మనం ప్రతి సమావేశంలో మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి ట్రాలీ చక్రం గురించి మాట్లాడాలని కమిటీలో అనుకున్నప్పుడు కొందరు నవ్వారు. టైరు ముచ్చట మెకానిక్‌ది కదా, సంఘానికేం పని అన్నారు. పని ఉంది. మనం పండించిన ప్రతి గింజా, ప్రతి కొమ్మూ ఆ చక్రాల మీదనే పోతుంది. కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికి, లారీలు రాకపోతే అక్కడి నుంచి మిల్లుకు. పసుపైతే మెట్‌పల్లి, కమ్మర్‌పల్లి, ఆర్మూర్ మీదుగా నిజామాబాద్ యార్డుకు అరవై కిలోమీటర్లకు పైనే. 2015 డిసెంబర్‌లో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక, చెరుకు పెట్టినవాళ్లు పక్కనే ఉన్న ఫ్యాక్టరీ గేటు దాటుకుంటూ కామారెడ్డి దిక్కు పోవాల్సి వచ్చింది. తాళం వేసింది వాళ్లు, దూరం పెరిగింది మన టైరుకు. 2025 జనవరిలో నిజామాబాద్‌కు పసుపు బోర్డు వచ్చింది, సంతోషమే. పసుపు అక్కడికి చేరేది మాత్రం మన ట్రాలీ మీదనే.

ముందుగా బరువు సంగతి. మన తాతలకు ఇది చెప్పాల్సిన పని లేకుండె. ఎడ్లబండి నింపేటప్పుడు వాళ్లు మొగ్గు చూసేవాళ్లు. ముందుకు మొగ్గితే ఎద్దుల మెడ మీద బరువు పడి పుండ్లు పడతాయి. వెనక్కి మొగ్గితే కాడి పైకి లేచి ఎద్దు గొంతుకు పట్టేస్తుంది. నొగలు లేపి చూసి, బరువు ఇరుసు మీద సరిగ్గా కూర్చుండి, కాడి మీద కొంచెమే పడేటట్టు బస్తాలు సర్దేవాళ్లు. రెండు చక్రాల ట్రాలీ కూడా ఎడ్లబండే. తేడా ఏమిటంటే, బరువు సరిగ్గా లేకపోతే ఎద్దు మొండికేసి చెప్పేది. ట్రాక్టర్ చెప్పదు. లాగినంత లాగుతుంది, ఒక్కసారే తిరగబడుతుంది.

ట్రాలీ వెనక భాగంలో బరువు ఎక్కువైతే హుక్కు పైకి లేస్తుంది. హుక్కు లేస్తే ట్రాక్టర్ పెద్ద చక్రాలకు భూమి మీద పట్టు తగ్గుతుంది. బ్రేకు పట్టేది ఆ చక్రాలకే. దిగువకు పోయేటప్పుడు ట్రాలీ వెనక నుంచి నూకుతుంది, తోక అటూ ఇటూ ఊగుతుంది. చెరుకు, మక్క చొప్ప, వరిగడ్డి వేసేటప్పుడు ఇదే జరుగుతుంది. డబ్బా దాటి వెనక్కి వేలాడే ప్రతి కట్టా హుక్కును పైకి లేపే బరువే. మరీ ముందుకు నింపితే ఇంకో ప్రమాదం. చెరువు కట్ట ఎక్కేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగు తిప్పినా బండి తిరగదు.

దుబాయి, మస్కట్ పోయొచ్చిన మనవాళ్లు మన మండలంలో చాలామంది ఉన్నారు. అక్కడ జీపుల వెనక పడవలను ట్రాలీల మీద సముద్రానికి తీసుకుపోవడం వాళ్లు చూసే ఉంటారు. పడవకు ఇంజను వెనక వేలాడుతుంది, అందుకని పడవను ముందుకు జరిపి కట్టుకుంటారు. మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా హుక్కు మీద ఉండాలన్నది వాళ్ల లెక్క. మన ట్రాక్టర్ ఇంకొంచెం ఎక్కువైనా మోస్తుంది. తక్కువ మాత్రం కాకూడదు. ముందు ఇరుసు మీద నింపి, తర్వాత ముందుకు, చివరికి వెనక్కి సర్దితే చాలావరకు సరిపోతుంది. ఎడమ కుడి కూడా చూడాలి. హమాలీ ఒకే పక్క నుంచి బస్తా ఎక్కిస్తే ఆ పక్కనే పేరుకుపోతుంది, ఆ పక్క టైరే ముందు పోతుంది.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. 40 కిలోల వడ్ల బస్తాలు 100 వేస్తే 40 క్వింటాళ్లు. ట్రాలీ సొంత బరువు 15 క్వింటాళ్లు అనుకుందాం. మొత్తం 55. హుక్కు మీద 6 పడితే, మిగిలిన 49 క్వింటాళ్లు రెండు టైర్ల మీద. అంటే ఒక్కో టైరుకు ఇరవై నాలుగున్నర క్వింటాళ్లు. మీ టైరు ఎంత మోయగలదో, దానికి ఎంత గాలి ఉండాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. ఇంటికి పోయి మట్టి తుడిచి చూడండి. ఇంకో ముప్పై బస్తాలు వేస్తే ఒక ట్రిప్పు మిగులుతుందని మనం అనుకుంటాం. ఆ ముప్పై బస్తాలు 12 క్వింటాళ్లు, దాదాపు మొత్తం ఆ రెండు టైర్ల మీదనే పడుతుంది. తరుగు పేరు మీద కాంటా దగ్గర కోసే కిలోలు కూడా ట్రాలీ మీద తగ్గవు, మోయక తప్పదు! గోదావరి ఇసుకైతే బస్తాల లెక్క పనికిరాదు. తడి ఇసుక పొడి ఇసుక కంటే చాలా బరువు, డబ్బా సగమే ఉన్నట్టు కనిపిస్తుంది.

గాలి దగ్గర మన దాంట్లో ఒక నమ్మకం ఉంది. ఎండాకాలం టైరు వేడెక్కి పేలుతుంది, కాబట్టి గాలి తగ్గించాలి అంటారు. ఇది తప్పు, ఇదే ఎక్కువ టైర్లను చంపుతున్నది. గాలి తక్కువైన టైరు బరువు కింద ప్రతి చుట్టుకూ పక్కలు నలుగుతుంది. తీగను అటూ ఇటూ వంచితే వంపు దగ్గర ఎట్లా వేడెక్కుతుందో, టైరు లోపలి దారాలు అట్లా వేడెక్కి రబ్బరు నుంచి విడిపోతాయి. యాసంగి వడ్లు మోసే రోజుల్లో సడకు వేడి దానికి తోడవుతుంది. పేలిన టైరును చూసి గాలి ఎక్కువైంది అంటాం. అసలు కారణం చాలాసార్లు గాలి తక్కువ కావడం, బరువు ఎక్కువ కావడం. గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. పది కిలోమీటర్లు నడిచాక గేజీ పెడితే సంఖ్య ఎక్కువే చూపుతుంది. అది చూసి గాలి వదిలితే, చల్లారాక తక్కువైపోతుంది. ఇంకో మాట, దమ్ములో పట్టు కోసం ట్రాక్టర్ పెద్ద చక్రాలకు గాలి తగ్గిస్తాం. అదే గాలితో లోడు కట్టుకుని సడక్కు ఎక్కవద్దు.

పాత టైరు కొనేవాళ్లు పక్కన నాలుగు అంకెలు చూడాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గుండ్లు బాగున్నా, ఏండ్ల తరబడి ఎండకు నిలబడ్డ టైరు పక్కలు పగిలి ఉంటాయి. మన ట్రాలీలు పంటల నడుమ నెలల కొద్దీ వాకిట్లో నిలబడే ఉంటాయి, నడిచి అరగడం కంటే నిలబడి చెడిపోవడమే ఎక్కువ. పక్క కోసుకుపోయిన టైరుకు గేటర్ పెట్టి లోడుకు నడపవద్దు. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క అరిగిపోయింది వేస్తే బరువు సమంగా పడదు. రింగు ఉన్న చక్రానికి గాలి కొట్టేటప్పుడు ఎవరూ ఎదురుగా నిలబడవద్దు, పిల్లలను దగ్గరికి రానీయవద్దు. గాలి లేకుండా కొంత దూరం నడిచిన టైరుకు, విప్పి లోపల చూడకుండా గాలి కొట్టవద్దు. వాగులో, నీళ్లలో దిగిన ట్రాలీకి బేరింగులు విప్పి గ్రీజు మార్చాలి. దారిలో ఆగినప్పుడు హబ్బు దగ్గర చెయ్యి పెట్టండి, చెయ్యి నిలవనంత వేడి ఉంటే అక్కడే ఆపాలి.

అక్కలకు ఒక మాట. 2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో పోతున్న ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు, దాదాపు అందరూ ఆడవాళ్లే. అది టైరు పేలిన సంగతి కాదు. కానీ ట్రాలీలో మనుషులు కూర్చుంటే బరువు ఒకచోట నిలవదు, మలుపు దగ్గర అందరూ ఒకే పక్కకు ఒరుగుతారు. నింపిన బస్తాల పైన కూర్చోబెట్టడం మనమే మానేయాలి. కూలీలకు ఆటో కిరాయి ఇచ్చేది భూమి ఉన్నవాళ్లే, ఈ మాట కొందరికి నచ్చకపోవచ్చు.

ఇక మన చేతిలో లేని భాగం. 17 శాతం తేమ దాటలేదని కేంద్రంలో రాసిచ్చిన వడ్లను మిల్లు దగ్గర రెండు మూడు రోజులు దించుకోకుండా ఆపుతున్నారు. లోడు బండి ఎండలో నిలబడితే టైర్లు అణిగిపోతాయి, సన్నగా గాలి దిగుతుంది, ఎవరూ చూడరు, తిరిగి కదిలినప్పుడు పోతుంది. వచ్చిన రోజే దించాలి, లేకపోతే రోజుకింత అని బండికి కిరాయి కట్టాలి, ఇది మన డిమాండ్. అప్పటిదాకా వరుసలో నిలబడ్డవాళ్లు ఇరుసు కింద గట్టి మొద్దులు పెట్టి బరువు దించుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ టైర్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. టైరు కొన్నప్పుడు పక్కా బిల్లు తీసుకోండి. ట్రాలీ టైరుకు ఎంత శాతం వేశారో చూసి, ఆ బిల్లు నకలు కమిటీకి ఇవ్వండి. పది బిల్లులు జమైతే అధికారుల ముందు పెట్టి అడుగుతాం.

ప్రతి గ్రామ కమిటీ ఒక గాలి గేజీ, ఒక గట్టి జాకీ కొనాలి. కోతలు మొదలయ్యే వారం ముందు ఊరి ట్రాలీలన్నీ పొద్దున్నే ఒకచోట నిలబెట్టి చూసుకుందాం. ఖర్చు సభ్యత్వ రుసుములోంచి పెట్టుకోవచ్చని కమిటీ ఒప్పుకుంది, రసీదు మాత్రం తప్పకుండా తేవాలి.