పాడింది ఎవరు?

(తీజ్ సందర్భంగా జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జనగామ, మానుకోట, భూపాలపల్లి వాళ్లు ఇట్లా ఒకే పందిరి కింద కూర్చుంటే చూడటానికి సంతోషంగా ఉంది. నిర్వాహకులు నాకిచ్చిన అంశం తొలితరం గాయనుల జీవితాలు, సమాజం మీద వాళ్ల ప్రభావం. ఆ మాట వినగానే మీకు సినిమా పేర్లు గుర్తొస్తాయి. నాకు మాత్రం ముందు మా దాది గుర్తొచ్చింది. చుట్టుపక్కల తండాల్లో పెళ్లి కుదిరితే ముందు ఆమెకే కబురొచ్చేది. పెళ్లిపిల్లకు ఢావ్లో నేర్పాలి కదా! అంత పేరున్న మనిషి పేరు ఏ కాగితం మీదా లేదు. రేషన్ కార్డులో ఉండేది, అది కూడా తప్పుగా.

కోయ తమ్ముళ్ల కోసం ఢావ్లో అంటే ఏమిటో చెప్తాను. తెలుగులో ఏడుపు పాట అంటే సగమే చెప్పినట్టు. అత్తగారింటికి పోయే పిల్ల తల్లి మెడ, వదిన మెడ, జతగాళ్ల మెడ ఒక్కొక్కరిదీ పట్టుకొని రాగం తీస్తుంది. ఒక్కో మనిషికి ఒక్కో మాట. నన్నెందుకింత దూరం ఇస్తున్నావని తండ్రిని అడుగుతుంది. నన్ను చూడటానికి వస్తావా రావా అని అన్నను నిలదీస్తుంది. మామూలు రోజుల్లో నాయక్ ముందు, కార్భారి ముందు నోరెత్తని పిల్ల ఆ రోజు తండా అంతా వింటుండగా తన మనసులోది చెప్తుంది, అందరూ తల వంచుకొని వింటారు. పాత పెళ్లిళ్లలో ఎద్దు మీద నిలబెట్టేవాళ్లు. రెండు చేతులూ పైకెత్తి పుట్టింటికి, తండాకు, గొడ్డూగోదకు మేలు కోరుతూ హవేలి పాడేది. తెల్లారి నుంచి ఆమె వేరే తండా మనిషి.

ఇది పాడే పిల్ల అప్పటికప్పుడు కట్టుకునే పాట. నేర్పే ముసలమ్మ రాగం ఇస్తుంది, వరస ఇస్తుంది, మాటలు మాత్రం పిల్లవే. అందుకే ఏ ఢావ్లో ఇంకో ఢావ్లోలా ఉండదు. ఆ లెక్కన మన తండాల్లో పెళ్లయిన ప్రతి ఆడమనిషీ ఒక్కరోజైనా కవయిత్రే.

నేను ఆ ఒక్కరోజు కూడా కాలేదు. టీచర్ ట్రైనింగ్ చేసినదాన్ని, పెళ్లికి తోటి విద్యార్థులు వచ్చారు. వాళ్ల ముందు మెడలు పట్టుకొని రాగం తీస్తే నవ్వుతారని సిగ్గుపడ్డాను. దాది రెండు రోజులు నా పక్కన కూర్చొని నేర్పబోయింది. నేను నోరు విప్పలేదు. అప్పగింతల రోజు నా బదులు ఆమే పాడింది. పెళ్లిపిల్ల బదులు దాది పాడటం ఏమిటని తండాలో చాలా రోజులు చెప్పుకున్నారు. ఆ సిగ్గు నాకు ఎవరు నేర్పారో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. అందుకే వేరే చోట సిగ్గుపడని ఆడవాళ్ల కథలు వెతుక్కొని చదివాను. వాళ్లలో ముగ్గురి గురించి చెప్తాను.

మొదటిది రేష్మా. మన పూర్వీకులు మార్వాడ్ దిక్కు నుంచి ఎద్దుల మీద సరుకు మోసుకుంటూ దక్షిణానికి వచ్చారని మన పెద్దలు చెప్తారు. రేష్మా కూడా ఆ దిక్కు బంజారా బిడ్డే. 1947 ప్రాంతంలో రాజస్థాన్‌లో బికనేర్ వైపు పుట్టింది. దేశ విభజన తర్వాత వాళ్ల గుంపు కరాచీకి పోయింది. బడి మొహం చూడలేదు. సింధ్‌లో దర్గాల దగ్గర పాడుతూ తిరిగింది. పన్నెండేళ్ల వయసులో సెహ్వాన్‌లోని షాబాజ్ ఖలందర్ దర్గా దగ్గర పాడుతుంటే సలీమ్ గిలానీ అనే రేడియో ప్రొడ్యూసర్ విని పాకిస్తాన్ రేడియోలో పాడించాడు. ఆ తర్వాత ఆమె గొంతు సరిహద్దులు దాటింది. 1983లో వచ్చిన 'హీరో' హిందీ సినిమాలో ఆమె పాట మీ అమ్మానాన్నలకు గుర్తుండే ఉంటుంది. ఆమె గొంతు నున్నగా ఉండదు. ఎండలో దూరంగా ఉన్న మనిషిని పిలిచే గొంతు. మనవాళ్ల గొంతులన్నీ అట్లానే ఉంటాయి, దాన్ని మనమే మోటు అనుకుంటాం. అయితే 1973లో వచ్చిన 'బాబీ' సినిమాలో ఒక పాట అంతకుముందు రేష్మా పాడిన పాట నుంచి వచ్చిందే. ఆ పాట విన్న కోట్ల మందిలో ఎంతమందికి ఆమె పేరు తెలుసు? ఈ ప్రశ్నను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. ఆమె 2013 నవంబర్‌లో లాహోర్‌లో కన్నుమూసింది.

రెండోది తీజన్ బాయి. మనకు గోదావరి అవతలున్న ఛత్తీస్‌గఢ్ మనిషి. భిలాయ్ దగ్గర గనియారీ గ్రామం, పార్ధీ తెగ. వాళ్ల తాత వరసైన బ్రిజ్‌లాల్ పార్ధీ ఛత్తీస్‌గఢీలో మహాభారత కథ పాడుతుంటే చాటుగా విని నేర్చుకుంది. ఆ పాటను పండవానీ అంటారు. అందులో రెండు పద్ధతులున్నాయి. కూర్చొని పాడేది వేదమతి, నిలబడి తంబూరా ఊపుతూ భీముడై గర్జించేది కాపాలిక్. అప్పట్లో ఆడవాళ్లు పాడితే కూర్చొనే పాడాలి, నిలబడి పాడేది మగవాళ్లే అన్నట్టుండేది. తీజన్ పదమూడేళ్లకు పక్క ఊళ్లో పది రూపాయలకు తొలి ప్రదర్శన ఇచ్చింది, నిలబడే పాడింది.

దానికి ఆమె చెల్లించిన ధర వినండి. పన్నెండేళ్లకే పెళ్లి చేశారు. ఆడది పండవానీ పాడుతుందా అని సొంత కులమే వెలేసింది. ఊరి చివర తనే చిన్న గుడిసె కట్టుకుంది. ఇరుగుపొరుగును గిన్నెలు అడిగి తెచ్చుకొని వండుకుంది. పాట మాత్రం మానలేదు. తర్వాత నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ ఆమెను చూశాడు, ప్రధాని ఇందిరాగాంధీ ముందు పాడింది, విదేశాలకు పోయింది. 1987లో పద్మశ్రీ, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ వచ్చాయి. ఈ బిరుదుల వరస చదివి చప్పట్లు కొట్టడం సులువు. వెలేసింది బయటివాళ్లు కాదు, మనలాంటి వాళ్లే. మన తండాలో ఒక ఆడపిల్ల స్టేజీ ఎక్కుతానంటే మనం ఏం మాట్లాడతామో ఎవరికి వాళ్లు గుర్తు తెచ్చుకోండి. ఆమె తర్వాత ఎందరో ఆడవాళ్లు నిలబడి పండవానీ పాడుతున్నారు. ప్రభావం అంటే నాకు తెలిసింది ఇదే.

మూడోది నంజమ్మ. కేరళలో అట్టప్పాడి కొండలు, ఇరుల తెగ. పశువులు, మేకలు కాచుకుంటూ బతికింది. 2020లో వచ్చిన 'అయ్యప్పనుం కోషియుం' అనే మలయాళ సినిమాలో తన ఇరుల భాషలో, తన మాటలతో పాడింది. 2022లో ఆ పాటకు ఉత్తమ నేపథ్య గాయనిగా జాతీయ అవార్డు వచ్చింది. అవార్డు ఇచ్చింది ఎవరు? రాష్ట్రపతి ద్రౌపది ముర్ము. ఆ ఫోటో మీ ఫోన్లో వెతికి చూడండి. సంగీతం నేర్చుకోని మనిషికి ఈ అవార్డేమిటని అప్పుడు కొందరన్నారు. పెద్ద పెద్ద సంగీత దర్శకులే ఆమె పక్షాన నిలబడ్డారు. అవార్డుతో ఆమె బాధలు తీరలేదు. తమ కుటుంబం భూమి చేజారిందని, అది తిరిగి కావాలని ఆ తర్వాత కూడా అధికారుల చుట్టూ తిరిగింది.

భూమి మాట వచ్చింది కాబట్టి మన మట్టి దగ్గరికి వద్దాం. జనగామ నుంచి వచ్చిన వాళ్లకు దేవరుప్పుల దగ్గరి ధర్మాపురం తండా తెలుసు. విసునూరు దేశ్‌ముఖ్ మీద మన లంబాడోళ్లు భూమి కోసం నిలబడిన చోటు, జాటోతు ఠాను నాయక్ పోరాడిన చోటు. అక్కడికి దగ్గర్లోనే కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమురయ్య పడిపోయాడు. ఆ పోరాటంలో తుపాకీతో పాటు పాట కూడా నడిచింది. మల్లు స్వరాజ్యం పదిహేనేళ్ల పిల్లగా ఉన్నప్పుడే ఊరూరా ఉయ్యాల పాటలు కట్టి పాడి జనాన్ని కూడగట్టింది. అడవి ప్రాంతంలో రాజక్క పేరుతో తిరిగింది. తర్వాత 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి ఎమ్మెల్యే అయింది. ఆమె మన తెగ మనిషి కాదు, దొరల ఇంటి పిల్ల. కానీ మన తండాల్లో, గూడేల్లో అన్నం తిన్న మనిషి. మరి ఆమె వెంట పల్లవి అందుకున్న మన ఆడవాళ్ల పేర్లేవి? భువనగిరి బిడ్డ బెల్లి లలిత తెలంగాణ పాట పాడినందుకు 1999 మేలో ఏ తీరుగా హత్యకు గురైందో ఇక్కడున్న పెద్దలకు తెలుసు, పిల్లలకు వివరంగా చెప్పలేను. గొంతుకు అంత భయపడ్డారంటే ఆ గొంతు ఏం చేసిందో మీరే ఊహించుకోండి.

మన సంప్రదాయంలో ఒక తేడా గమనించండి. వృత్తిగా పాడేది మగవాళ్లు. మనకు భాట్లు, ఢాడీలు వంశాలు పాడతారు. కోయల్లో డోలీలు పడిగె పట్టి సమ్మక్క కథ చెప్తారు. వాళ్లకు పేరుంది, ఇంటికింత అని ఇచ్చే వరస ఉంది. మణుగూరు ప్రాంతపు డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, ఎంతో సంతోషించాం. ఆడవాళ్ల పాట అట్లా కాదు. గూడెంలో చేతులు పట్టుకొని వరస కట్టి రేల పాడతారు. తండాలో తొమ్మిది రోజులు గోధుమ మొలకలకు నీళ్లు పోస్తూ తీజ్ పాడతారు. నాట్లలో పాడతారు, పెళ్లిలో పాడతారు. అది పని కిందే లెక్క, కళ కింద కాదు. కూలి లేదు, పేరు లేదు. చివరికి రేల అనే ఆ గూడెం మాట కూడా టీవీ కార్యక్రమం పేరైంది.

ఆ గోడ దాటి మన కళ్ల ముందు వచ్చిన మనిషి మంగ్లీ. అనంతపురం జిల్లా గుత్తి దగ్గర బసినేపల్లి తండా, అసలు పేరు సత్యవతి. తిరుపతిలో సంగీతం చదివింది. వీ6 చానల్లో తెలంగాణ యాసలో మాట్లాడి, బతుకమ్మ పాటలతో, మేడారం పాటలతో మన ఇళ్లలో మనిషైంది. సినిమాల్లో పాడింది, 2022లో టీటీడీ భక్తి చానల్‌కు సలహాదారుగా నియమితురాలైంది. ఆమె పాటలన్నీ నాకు నచ్చుతాయని చెప్పను. కానీ ఫేటియా కాంచళి వేసుకొని టీవీలో నిలబడ్డ రోజు, మా బడిలో లంబాడి పిల్ల ఒకతె సెలవు తర్వాత తండా గాజులు తీయకుండా బడికి వచ్చింది. అంతకుముందు తీసి సంచిలో దాచుకొని వచ్చేది.

ఇప్పుడు రేష్మా దగ్గర మొదలుపెట్టిన ప్రశ్నకు వస్తున్నాను. 2021లో 'లవ్ స్టోరీ' సినిమా కోసం మంగ్లీ పాడిన సారంగదరియా పాట మీరంతా విన్నారు, డాన్సులు కూడా చేశారు. అప్పుడు వరంగల్ ప్రాంతపు జానపద గాయని కోమలి ముందుకొచ్చి, ఇది మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పాట, టీవీలో 'రేలా రే రేలా' కార్యక్రమంలో నేను పాడాను, నా పేరేది అని అడిగింది. అది జనం నోట ఉన్న పాట, పల్లవి తీసుకొని మిగతాది నేను రాశానని రచయిత సుద్దాల అశోక్ తేజ అన్నారు. చర్చ పెద్దదయ్యాక దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు పేరు, పారితోషికం ఇస్తామని చెప్పారు. ఎవరిది తప్పో తేల్చడానికి నేను ఈ సంగతి ఎత్తలేదు. ఆ అమ్మాయి అడిగింది కాబట్టి పేరొచ్చింది. ఆ అమ్మమ్మ పేరు మాత్రం ఇప్పటికీ ఎంతమందికి తెలుసు?

మన దేశ చట్టంలో జానపద పాటకు ప్రత్యేక యజమాని అంటూ లేడు. కానీ పాడిన మనిషికి హక్కుంది. 1957 కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణతో పాడేవాళ్ల హక్కులు వచ్చాయి. 2012 సవరణ వాటిని ఇంకా గట్టి చేసింది. మీ ప్రదర్శనకు మీ పేరు వేయమని అడగవచ్చు. మీరు పాడింది రికార్డు చేసి అమ్ముకోవాలంటే మీ ఒప్పందం కావాలి. ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. ఇప్పుడు మన భాషలో డీజే పాటలు, యూట్యూబ్ పాటలు ఎన్నో వస్తున్నాయి. చానల్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, వీడియోలో ఆడిన హీరో పేరు ఉంటుంది, చాలా వాటిలో పాడిన పిల్ల పేరు కింద వెతికినా దొరకదు. డీజే మీద నాకు కోపం లేదు, డీజే లేకపోతే మీలో సగం మంది పెళ్లికే రారు. పాడే చెల్లెళ్లు డబ్బు తీసుకునే ముందు కాగితం చదవండి. చదవడం రాకపోతే చదివిన వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. సంతకం పెట్టాక ఏడ్చి లాభం లేదు, అది ఢావ్లో కాదు.

మా దాది ఢావ్లో ఒక్కటి కూడా నా దగ్గర లేదు. అప్పట్లో మా ఇంట్లో టేప్ రికార్డర్ ఉండేది, అందులో సినిమా పాటలు వినేవాళ్లం. ఖాళీ క్యాసెట్ కొనాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఈ మధ్య మా మేనత్త దగ్గర కూర్చొని ఫోన్లో రికార్డు చేశాను. ఆమెకు ఎనభై దాటాయి, గొంతు వణుకుతుంది, మధ్యలో మాట మరిచిపోయి నవ్వుతుంది. పాట అయ్యాక నేను అడగకుండానే తన పేరు, తల్లి పేరు, నేర్పిన మనిషి పేరు, ఆమె తండా పేరు వరసగా చెప్పి, ఇది కూడా పెట్టుకో అంది.

భోజనాల తర్వాత ఇదే పందిట్లో ముగ్గురు పెద్దమ్మలు పాడతారు. ఇద్దరు మానుకోట దిక్కు తండాల వాళ్లు, ఒకరు భూపాలపల్లి దిక్కు గూడెం మనిషి. మీరంతా ఫోన్లు తీస్తారని తెలుసు, తీయండి. నొక్కే ముందు దగ్గరికి పోయి వాళ్ల పేర్లు అడగండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా అడగండి.

జై సేవాలాల్. జై సమ్మక్క సారలమ్మ.