లేని రంగులు, ఉన్న విమానాలు: ఒక్క ‘ఒకవేళ’తో మొదలుపెట్టండి

మదీనాగూడ నుంచి మాట్లాడుతున్నా. గత ఎపిసోడ్ కింద ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఇదే: “అన్నా, మీరు గీసే యుద్ధ విమానాల మీద ఆ రంగులు నిజంగా ఉంటాయా? లేకపోతే అవి మీకు ఎలా తడతాయి?”

ఉండవు. విమానం నిజం, రంగు కల్పితం. పక్క నుంచి చూసినట్టు విమానం బొమ్మ గీసి, దాని మీద ఎవరూ ఎప్పుడూ వేయని పెయింట్ స్కీమ్ వేయడం, అదీ ఈ ఆట. గేముల్లో స్కిన్స్ చేసేవాళ్లు, ప్లాస్టిక్ మోడల్స్ కట్టేవాళ్లు, పోస్టర్లు గీసేవాళ్లు అందరూ చేసే పనే. కానీ నచ్చిన రంగు బకెట్ తీసుకుని పోసేస్తే అది విమానంలా ఉండదు, పెళ్లి బస్సులా ఉంటుంది. చూసినవాడు ఒక్క క్షణమైనా “ఇది నిజమేనేమో” అనుకోవాలి. అందుకు ఏం చేయాలో ఈ రోజు చెప్తా. చివర్లో ఇంకో సీరియస్ విషయం ఉంది, అది మాత్రం స్కిప్ చేయకండి.

ముందు ఒక ప్రశ్న. ఈ విమానం ఎవరికి కనబడాలి, ఎవరికి కనబడకూడదు? రంగు ఎంచుకునే ముందు ఇది అడగాలి.

మా మదీనాగూడ నుంచి మియాపూర్, బాచుపల్లి మీదుగా ఉత్తరానికి పోతే దుండిగల్. అక్కడ ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఉంది. కొత్త పైలట్లు 2013 నుంచి పిలాటస్ పీసీ-7 మార్క్ 2 మీద అక్కడ నేర్చుకుంటున్నారు. దాని రంగు ఎరుపు, తెలుపు. ఎందుకు? నేర్చుకునేవాడు గాల్లో ఉన్నాడు, చుట్టూ ఇంకో నలుగురు నేర్చుకునేవాళ్లు ఉన్నారు. ఒకరికొకరు దూరం నుంచే కనబడాలి. అదే తేజస్ చూడండి, బూడిద రంగులు. దాని పని కనబడకుండా ఉండటం. రెండూ మన విమానాలే, కానీ ప్రశ్నకు జవాబు వేరు, కాబట్టి రంగు వేరు.

దాచే రంగు ఎలా పని చేస్తుందో చేపను చూస్తే తెలుస్తుంది. వీపు ముదురుగా ఉంటుంది, పొట్ట తెల్లగా ఉంటుంది. పైనుంచి కొంగ చూస్తే ముదురు వీపు చెరువు అడుగులో కలిసిపోతుంది. కింద నుంచి ఇంకో చేప చూస్తే తెల్ల పొట్ట ఆకాశం వెలుగులో కలిసిపోతుంది. అబట్ థేయర్ అనే అమెరికన్ చిత్రకారుడు 1896లోనే దీని గురించి రాశాడు. ఎండ పైనుంచి పడి కింద నీడ వస్తుంది కదా, ఆ నీడను రంగుతో కొట్టేస్తే వస్తువు గుండ్రంగా కనబడదు, చదునుగా కనబడుతుంది అని. పైన ముదురు, కింద లేత రంగు వేసిన యుద్ధ విమానాలన్నిటి వెనకా ఉన్నది ఈ లెక్కే. ఆయన సైంటిస్ట్ కాదు, బొమ్మలు గీసేవాడు. మనలాంటోడే అన్నమాట.

ఇంకొకాయన కీత్ ఫెరిస్, ఆయన కూడా విమానాల చిత్రకారుడే. విమానం పొట్ట మీద నకిలీ కాక్‌పిట్ బొమ్మ వేయమన్నాడు. గాల్లో తిరుగుతున్న విమానం తలకిందులుగా ఉందా, నిటారుగా ఉందా అని శత్రువు అర సెకను తికమక పడితే చాలు. కెనడా వాళ్ల సీఎఫ్-18ల పొట్ట మీద ఆ నకిలీ కాక్‌పిట్ ఉంటుంది. అంటే బొమ్మలు గీసేవాడి ఊహ నిజమైన విమానం మీదికి ఎక్కింది. అందుకే ‘ఇదంతా టైంపాస్’ అని ఎవరైనా అంటే నేను పెద్దగా పట్టించుకోను.

ఇప్పుడు మన హైదరాబాద్ కథకు వద్దాం. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటన్ 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లు వచ్చాయి. నిజాం కానుక అని ఆ విమానాల మీదే రాశారు. వాటిలో ఒకటి, ఎఫ్1010 నంబరుది, 1918 అక్టోబర్‌లో జర్మన్లకు చిక్కింది. బెర్లిన్‌లో, పోలండ్‌లో గడిపి, చివరకు లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంకు చేరింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి హైదరాబాద్ పేరుతో మూడు స్క్వాడ్రన్లు: 110, 152, 253. వీటిలో 152 స్పిట్‌ఫైర్లు నడిపింది. దాని బ్యాడ్జి మీద నిజాం తలపాగా ఉంటుంది, దస్తార్ అంటారే, అది. ఆ స్క్వాడ్రన్ బర్మా యుద్ధానికి వచ్చినప్పుడు స్పిట్‌ఫైర్ పక్కన దూకుతున్న నల్ల చిరుత బొమ్మ వేసుకుంది, సరిగ్గా రౌండెల్ మీదుగా. రౌండెల్ అంటే ఏ దేశం విమానమో చెప్పే గుండ్రటి గుర్తు. మన ఎయిర్ ఫోర్స్‌కు మధ్యలో ఆకుపచ్చ, తర్వాత తెలుపు, బయట కాషాయం.

ఆ బర్మాలోనే ఇంకోటి జరిగింది. బ్రిటిష్ రౌండెల్ మధ్యలో ఎర్ర చుక్క ఉండేది. జపాన్ గుర్తు కూడా ఎర్రటి గుండ్రం. కంగారులో ఉన్న సైనికుడికి ఎరుపు ఒక్కటే కనబడుతుంది, సొంత విమానాన్నే కాల్చేస్తాడు. అందుకని ఎరుపు మొత్తం తీసేసి, ముదురు నీలం మధ్యలో లేత నీలం పెట్టారు. 1944 జూన్‌లో నార్మండీ దాడికి ముందు కూడా ఇదే భయం. వేల విమానాల మీద నలుపు తెలుపు పట్టీలు హడావుడిగా వేశారు, చాలా చోట్ల బ్రష్‌లతోనే. చూశారా, అక్కడ పెయింట్ అంటే అందం కాదు, ప్రాణం.

సరే, కల్పన ఎలా చేయాలి? నా రూల్ ఒక్కటే: ఒక బొమ్మలో ఒకే ఒక్క ‘ఒకవేళ’. మిగతా అంతా నిజం. “ఒకవేళ ఆ 152 స్పిట్‌ఫైర్‌ను బర్మా అడవి కోసం కాకుండా మన దక్కన్ నేల కోసం రంగు వేసి ఉంటే?” చాలు. విమానం అదే, కాలం అదే, బ్యాడ్జి అదే. మారింది నేల ఒక్కటే. ఇక ఆ నేలను చూడాలి.

మన నేల రంగు ఏంటి? గచ్చిబౌలి, ఖాజాగూడ వైపు ఇంకా మిగిలిన గుట్టలు చూడండి. గ్రానైట్ అంటే అందరూ బూడిద అనుకుంటారు. పొద్దున్న ఎండలో చూస్తే అందులో గులాబీ ఛాయ ఉంటుంది. పక్కన చెల్క నేల ఎరుపు, రేగడి నేల నలుపు, మధ్యలో తుమ్మ చెట్ల మురికి ఆకుపచ్చ. ఫోన్‌లో ఫోటో తీసి, ఐడ్రాపర్‌తో రంగు పట్టుకోండి. నేనైతే మూడు రంగులే తీసుకుంటా. నాలుగోది వచ్చిందంటే గ్రౌండ్‌లో పెయింట్ వేసేవాడికి నాలుగో డబ్బా కావాలని గుర్తుంచుకోండి. యుద్ధంలో ఎవరికీ అంత ఓపిక ఉండదు.

మరి మచ్చల ఆకారం? దానికి నేను పోచంపల్లి చీర చూస్తా. నవ్వకండి. ఇక్కత్‌లో నేయకముందే దారానికి ముడులు కట్టి రంగు వేస్తారు. అందుకే డిజైన్ అంచు గీత గీసినట్టు ఉండదు, కొద్దిగా చెదిరినట్టు ఉంటుంది. స్ప్రే గన్‌తో వేసిన కామఫ్లాజ్ అంచు కూడా అలాగే మెత్తగా ఉంటుంది. కన్ను ఆకారాన్ని పట్టుకునేది అంచు వల్లే. అంచు చెదిరితే ఆకారం చెదురుతుంది.

ఇది దాచే స్కీమ్. చూపించే స్కీమ్‌కు నాకు ఇష్టమైన ఉదాహరణ పాలపిట్ట. దసరా రోజు దాన్ని చూడాలని మనోళ్లు ఊరి బయటికి పోతారు. తీగ మీద కూర్చున్నప్పుడు ఎక్కువగా గోధుమ రంగే కనబడుతుంది, పక్కన ఉన్నా పట్టించుకోం. ఎగిరిందా, రెక్కల్లో నీలం భగ్గుమంటుంది. నేవీ మిగ్-29కే విమానానికి రెక్కలు మడిచే వీలుంది, ఓడ మీద చోటు తక్కువ కాబట్టి. “ఒకవేళ ఒక ప్రత్యేక వేడుకకు దాని మీద పాలపిట్ట రంగులు వేస్తే?” ఒళ్లంతా మట్టి రంగు, మడత దగ్గర నుంచి రెక్క చివరి భాగం మాత్రం నీలం పట్టీలు. రెక్క మడిచినప్పుడు ఒక పక్షి, విప్పినప్పుడు ఇంకో పక్షి. ఇది మరీ దూరపు ఊహ కూడా కాదు. ఎయిర్ ఫోర్స్ సారంగ్ టీమ్ ధ్రువ్ హెలికాప్టర్ల మీద నెమలి ఉంది కదా, సారంగ్ అంటేనే నెమలి.

ఇక చేతి పని గురించి నాలుగు మాటలు. క్రిటా, ఇంక్‌స్కేప్ రెండూ ఫ్రీ. లైన్ డ్రాయింగ్ ఒక లేయర్, రంగు ఒకటి, నీడ ఒకటి, మురికి ఒకటి. ఇంకొకరి లైన్ డ్రాయింగ్ ఎత్తుకొచ్చి దాని మీద రంగు వేయకండి, అది వాళ్ల కష్టం.

రంగుకు పేరు కాదు, నంబర్ నేర్చుకోండి. అమెరికన్ ఫెడరల్ స్టాండర్డ్ 595 అని ఒక పద్ధతి ఉంది, అయిదు అంకెలు. మొదటి అంకె మెరుపు చెప్తుంది: 1 అంటే నిగనిగ, 2 అంటే సగం, 3 అంటే మ్యాట్. రెండో అంకె రంగు కుటుంబం, 6 అంటే బూడిద. కాబట్టి 36375 అనగానే ‘మ్యాట్ బూడిద’ అని అర్థమైపోతుంది. ఇంకోటి, డబ్బాలో ఉన్న రంగు దూరం నుంచి చూస్తే పాలిపోయినట్టు ఉంటుంది, మధ్యలో గాలి ఉంది కాబట్టి. అందుకే బొమ్మలో అసలు రంగుకు కొంచెం తెలుపు కలపండి, వెంటనే బరువు వస్తుంది.

మురికి కూడా ఊరికే పూయకండి. మసి ఎగ్జాస్ట్ వెనక ఉంటుంది, రంగు ఊడేది కాళ్లు పడే చోట. ఆయిల్ మరక గాలి వీచే దిక్కుకే, అంటే వెనక్కే పోతుంది. 1971 యుద్ధంలో మన మిగ్-21ల ఫోటోలు వెతికి చూడండి. వెండి రంగులో ఉన్న విమానాల మీద హడావుడిగా కామఫ్లాజ్ వేశారు, ఒకదానికొకటి పోలిక తక్కువ. ఆ తొందర కనబడితేనే బొమ్మలో యుద్ధం కనబడుతుంది.

నంబర్లు ఇంకా ముఖ్యం. రఫేల్ ఒక సీటు విమానాలకు బీఎస్, రెండు సీట్లవాటికి ఆర్‌బీ అని ఉంటుంది. ఇద్దరు ఎయిర్ చీఫ్ మార్షల్స్, బీరేందర్ సింగ్ ధనోవా, రాకేశ్ భదౌరియా పేర్ల నుంచి వచ్చాయి. సుఖోయ్-30కి ఎస్‌బీ. అంటే ప్రతి అక్షరం వెనక ఒక లెక్క ఉంది.

ఇప్పుడు స్కిప్ చేయొద్దన్న విషయం. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజులు గుర్తున్నాయి కదా. వీడియో గేమ్ క్లిప్పులు నిజమైన యుద్ధమని తిరిగాయి. పీఐబీ ఫ్యాక్ట్ చెక్ వాళ్లు ఒక్కోటీ అబద్ధమని చెప్పుకుంటూ వచ్చారు. ఆ రోజుల్లో మా అపార్ట్‌మెంట్‌లో ఒక ఆంటీ రాత్రి పదకొండింటికి తలుపు కొట్టారు. వాళ్లబ్బాయి ఎయిర్ ఫోర్స్‌లో గ్రౌండ్ స్టాఫ్. ఫోన్‌లో ఒక బొమ్మ, ఒళ్లంతా మసి పట్టిన సుఖోయ్, కింద ‘దెబ్బతిన్న మన విమానం’ అని. “నువ్వు ఇవే గీస్తావు కదా బాబూ, ఒకసారి చూడు. వాడు ఫోన్ ఎత్తట్లేదు” అన్నారు. చేతులు వణుకుతున్నాయి.

జూమ్ చేశా. రౌండెల్ చదునుగా అతికించినట్టు ఉంది, బాడీ వంపుతో పాటు వంగలేదు. మసి ముందుకు పోతోంది. సుఖోయ్ మీద బీఎస్ నంబర్. మూలన ఎవరిదో సంతకం సగం తెగిపోయి ఉంది. “ఆంటీ, ఇది ఫోటో కాదు, ఎవరో గీసిన బొమ్మ” అన్నా. ఆమె మెట్ల మీదే కూర్చుండిపోయారు. వాళ్లబ్బాయి తెల్లారాక ఫోన్ చేశాడు, డ్యూటీలో ఫోన్ బయట పెట్టేశాడంట.

ఆ బొమ్మ గీసినవాడు బహుశా మనలాంటోడే, సరదాకే గీసుంటాడు. మధ్యలో ఎవరో సంతకం కత్తిరించి ఇంకో పేరు పెట్టారు. అందుకే మీకు నా మాట ఇది. ‘కల్పితం’ అనే మాట మూలన పెట్టకండి, కత్తిరించడం ఒక్క సెకను పని. విమానం బాడీ మీదే, నంబర్ ఉండే చోట పెట్టండి. నిజంలో ఉండలేని నంబర్ వేయండి. మంటలు, శిథిలాలు, ఇప్పటి యుద్ధం పేరు పెట్టిన బొమ్మలు ఉద్రిక్తత రోజుల్లో అసలు పోస్ట్ చేయకండి. రిఫరెన్స్ కోసం ఎయిర్ బేస్ గోడల దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడకండి, అది నేరం. బేగంపేటలో వింగ్స్ ఇండియా జరుగుతుంది, వైజాగ్ బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియం ఉంది. దర్జాగా టికెట్ కొని పోయి, దగ్గర నుంచి రివెట్లు లెక్కపెట్టుకోండి.

నిజాన్ని ఎంత బాగా చూస్తే కల్పన అంత బాగా వస్తుంది. అబద్ధాన్ని పట్టుకునే కన్ను కూడా దాంతోనే వస్తుంది. పైసా ఖర్చు లేదు, ఈ రోజుల్లో అందరికీ కావాల్సిన కన్ను అది.

ఈ వారం హోంవర్క్: మీ ఊరి నేల రంగులు మూడు పట్టుకోండి. కర్నూలు నల్లరేగడి కావచ్చు, కోనసీమ కొబ్బరి ఆకు కావచ్చు, సింగరేణి బొగ్గు కావచ్చు. ఒక విమానం, ఒక ‘ఒకవేళ’. దాన్ని ఒక్క వాక్యంలో కామెంట్‌లో రాయండి. బాగున్న అయిదు వాక్యాలు తీసుకుని వచ్చే ఎపిసోడ్‌లో లైవ్‌గా గీద్దాం. ఉంటా మరి, నమస్తే.