కాశిలో గోదావరీతీరపు పిశాచం

మార్గశిరమాసం గనుక నేను గీతను గురించి మాట్లాడతానని ట్రస్టువారు అనుకొని ఉంటారు. నేను ఒక పిశాచకథ చెప్పదలచుకొన్నాను. ముందు వరుసలో పిల్లలు నవ్వుతున్నారు, నవ్వనివ్వండి. ఇది స్కాందపురాణంలోని కథ. పైగా అందులోని పిశాచం మన గోదావరి ఒడ్డువాడే.

పి.గన్నవరంలో పెరిగినవారికి దయ్యాల కథలకు కొరత లేదు. చీకటి పడిన తరువాత పాత అక్విడక్టు కమానుల కిందికి పోరాదని మా నాయనమ్మ కట్టడి. కాటను దొర నాటి ఆ కట్టడం మీద కాలువ, కింద వైనతేయ. రెండు నీళ్ల చప్పుడూ కమానులలో చేరి ఎవరో మూలుగుతున్నట్లు తోచేది. లంకలలో రాత్రివేళ కదిలే వెలుగులను కొరివిదయ్యాలనేవారు. అవి వలలు వేసేవారి లాంతర్లని నాకు పదునాలుగవ ఏట తెలిసింది. తెలిసిన తరువాత కూడా అటు పోలేదు. అప్పటికి తర్కసంగ్రహం చదువుతున్నాను. ఆ విషయంలో అది నాకు అక్కరకు రాలేదు.

ఇక కాశి. ఆ నగరానికి మహాశ్మశానమని పేరు. మణికర్ణికలో చితి ఆరదు. అటువంటి చోట అడుగడుగునా దయ్యాలుండాలని కొత్తగా పోయినవారు భయపడతారు. శాస్త్రం వేరుగా చెబుతున్నది. కాశిలో మరణించినవానిపై యమునికి అధికారం లేదు, కాలభైరవుడే శాసకుడు. అక్కడ చనిపోయినవాడు ప్రేతమై తిరగడు. అయితే కాశిలో ఉండి పాపం చేసినవానికి రుద్రపిశాచత్వం తప్పదనీ, దానిని అనుభవించిన తరువాతనే ముక్తి అనీ కాశీఖండం హెచ్చరిస్తున్నది. కాబట్టి కాశిలో భయపడవలసినది చితులను చూచి కాదు.

ఆ నగరంలో పిశాచమోచనమనే కుండం ఉన్నది. దానికి విమలోదకమని పూర్వనామం, ఒడ్డున కపర్దీశ్వరుడు. అక్కడి రావిచెట్టు మానునిండా మేకులు, నాణేలు. తమ ఇంటిలో అకాలమరణం పొందినవారి కోసం జనం కొట్టినవి. త్రిపిండి శ్రాద్ధం చేయించుకొనేవారితో ఆ గట్టు ఎప్పుడూ రద్దీగా ఉంటుంది. మార్గశిర శుద్ధ చతుర్దశి అక్కడ పర్వదినం. ఆ తిథి దగ్గర పడుతున్నది గనుకనే ఈ కథ ఎత్తుకొన్నాను.

కపర్దీశ్వరుని సన్నిధిలో వాల్మీకి అనే పాశుపతుడు తపస్సు చేసుకొనేవాడు. రామాయణకర్త కాదు, వేరొకరు. ఒక హేమంతమధ్యాహ్నం ఆయన భస్మస్నానం ముగించి కన్నులు తెరచేసరికి ఎదుట భయంకరాకారం: ఎండిన దేహం, పాతాళానికి దిగిన కన్నులు, ఎముకలగూడు. మనమైతే పరుగు లంకించుకొందుము. ఆయన, ఎవరు నీవు, ఈ దశ నీకెందుకు వచ్చినదని అడిగాడు.

అది చెప్పిన సమాధానమే ఈ కథకు ప్రాణం. గోదావరీతీరంలో ప్రతిష్ఠానమనే పురం ఉన్నది, అక్కడ నేను బ్రాహ్మణుణ్ణి, తీర్థాలలో దానాలు పట్టడం మీద ప్రీతి గలవాణ్ణి, ఆ కర్మఫలంగా ఇట్లయినాను అన్నది. హత్య చెప్పలేదు, దొంగతనం చెప్పలేదు. దానాలు పట్టానన్నది. ఆకలి, అంతకు మించిన దాహం. నీటి దగ్గరకు పోతే జలరక్షకులైన దేవతలు తాగనీయరు.

తపస్వికి జాలి కలిగింది. విభూతి ఇచ్చి నుదుట ధరింపజేసి, కుండంలో దిగుమన్నాడు. ఈసారి జలదేవతలు అడ్డురాలేదు. స్నానం చేసి, ఆ నీరు తాగి బయటికి వచ్చేసరికి దివ్యదేహం. నాటినుండి ఆ తీర్థానికి పిశాచమోచనమని పేరు.

కాశీఖండాన్ని శ్రీనాథుడు తెనిగించి అంకితమిచ్చినది రాజమహేంద్రవరపు రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి. అంటే పదిహేనవ శతాబ్దిలోనే ఈ క్షేత్రమాహాత్మ్యం గోదావరి గట్టున తెలుగులో వినిపించినది. విని మా వర్గంవారు ఎందరు ఉలికిపడ్డారో! నేనైతే చాలాకాలం ఉలికిపడలేదు. పాఠం చెప్పేటప్పుడు 'తీర్థప్రతిగ్రహం' అన్న సమాసానికి విగ్రహవాక్యం చెప్పించి ముందుకు పోయేవాణ్ణి.

1991 గోదావరీ పుష్కరాలలో పన్నెండు రోజులూ నేను రేవులో కూర్చున్నాను. సంకల్పాలు, పిండప్రదానాలు, గోదానానికి బదులు రూకలు. రెండవ నాటికే మనుషులను గుంపుగా కూర్చోబెట్టి ఒకే మంత్రం చెప్పడం అలవాటైనది. తొమ్మిదవ నాడో పదవ నాడో లంకనుండి ఒక వృద్ధురాలు వచ్చినది. 1986 ఆగస్టు వరదలో కొడుకు కొట్టుకుపోయాడట, దేహం దొరకలేదట. ఊరిలో ఎవరో, వాడు ఏటిగట్టున తిరుగుతున్నాడని, రాత్రిళ్లు పిలుస్తున్నాడని చెబుతున్నారట. "అయ్యగారూ, ఆడికి దాహంగా ఉందేమోనండి" అన్నది. కొంగున ముడివేసిన ఐదు రూపాయలు నా పళ్లెంలో పెట్టి, కొడుకు పేరు చెప్పబోయినది. వెనుక జనం తోసుకొంటున్నారు. "పేరు మనసులో అనుకోమ్మా" అని ఆమెను గుంపులో కలిపివేశాను. అనుకొన్నదో లేదో నేను చూడలేదు.

అన్నదానానికి పేరు అడగనక్కరలేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఎవరి పేరూ అడగకుండానే అన్నం పెట్టినారు, మన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు అందుకే ఉన్నది. పిండప్రదానం అట్లా కాదు. నామగోత్రాలు చెప్పని పిండం ఎవరిని ఉద్దేశించినది? ఈ సంగతి విద్యార్థులకు బోధించినవాణ్ణే నేను.

ఆ రాత్రి పళ్లెంలోని సొమ్ము లెక్కపెడుతుండగా, ఆమె అన్న 'దాహం' మాట, పురాణంలోని పిశాచం చెప్పిన దాహం మాట ఒకటై వినిపించినవి. ఇరవై ఏళ్లుగా చదివిన అధ్యాయం అప్పుడు అర్థమైనది. ఆమె కొడుకు ఏటిగట్టున తిరిగాడో లేదో నాకు తెలియదు. వాడేమీ తప్పు చేయలేదు. ఆ కథలో పిశాచానికి సరిపోయే లక్షణాలు ఆ గదిలో సొమ్ము లెక్కపెట్టుకొంటున్నవానిలోనే కనిపించినవి. తెల్లవారి రేవంతా వెదకాను. అంత జనంలో ఆమె ఎక్కడ దొరుకుతుంది?

తరువాత కాశికి పోయినప్పుడు పిశాచమోచనంలో త్రిపిండి చేయించాను. అక్కడి పురోహితుడు మృతుని పేరు అడిగాడు. తెలియదన్నాను. గోత్రం? తెలియదు. మీకేమవుతారు? ఏమీ కాడు. ఆయన ఒకసారి నా ముఖం చూచి, 'అజ్ఞాతనామగోత్రస్య' అని చెప్పించాడు. ఆయన నన్ను తొందరపెట్టలేదని మాత్రం చెప్పాలి. దక్షిణ పుచ్చుకొని రెండుసార్లు లెక్కపెట్టుకొన్నాడు. నాకు నవ్వు రాలేదు.

నాటినుండి రేవులో దానం పట్టడం మానినాను. మీరు క్షేత్రాలలో ఇచ్చే దానాలు మానమని నేను చెప్పడం లేదు. ఇచ్చేవారికి దోషం లేదు. పుచ్చుకొనేవాడు మీ పేరు, మీవారి పేరు అడిగేదాకా మాత్రం పళ్లెంలో వేయకండి.

మహాలయపక్షంలో ఆ పేరు లేని పిండం ఏటేటా పెడుతున్నాను. ఈ సభలో లంకల గ్రామాలవారు చాలామంది ఉన్నారు. 1986 వరదలో కొడుకును పోగొట్టుకొని, 1991 పుష్కరాలలో ఒంటరిగా వచ్చి పిండం పెట్టించిన తల్లి మీ ఊరిలో ఉండేదేమో ఇంటికి పోయిన తరువాత పెద్దలను అడగండి. ఆ పిల్లవాని పేరు తెలిస్తే, దయచేసి దేవాలయ కార్యాలయంలో చెప్పి పొండి.